మూసిన తలుపులు, కొండమీది విడిదులు



యూదులు అనగానే మన మనస్సు యెరూషలేముకు, గలిలయకు వెళ్తుంది. సండేస్కూలు గోడమీది పటంలో మనం చిన్ననాడు చూసిన కొండలు సీయోను, హెర్మోను, కర్మెలు, ఒలీవల కొండ. ఈ నెల నేను రాయబోయే కొండలు ఆ పటంలో కనబడవు. అమెరికా దేశంలో న్యూయార్కు నగరానికి వాయవ్యంగా సుమారు 150 కిలోమీటర్ల దూరంలో క్యాట్‌స్కిల్ కొండలున్నాయి. అంత ఎత్తైనవి కావు. అడవి, చిన్న చిన్న సరస్సులు, రాతి నేల, వేసవిలో కూడా చల్లని గాలి. ఆ కొండల్లోని సల్లివాన్, అల్‌స్టర్ అనే రెండు జిల్లాలు ఇంచుమించు అరవై ఏళ్ళపాటు యూదు కుటుంబాలకు వేసవి విడిదిగా ఉన్నాయి. 1950 ప్రాంతంలో అక్కడ 500కు పైగా హోటళ్ళు, వాటికి తోడు వేలకొద్దీ చిన్న అద్దె ఇండ్లు ఉండేవి. ఆ తర్వాత అరవై ఏళ్ళు దాటేసరికి గ్రాసింగర్, కాంకార్డ్, బ్రౌన్, నెవెలె, కుట్షర్ అని పేరుమోసిన హోటళ్ళు ఒకదాని వెనుక ఒకటి మూతబడ్డాయి.

కలిగినవారి సరదా కథ మనకెందుకు అని పేజీ తిప్పవద్దు. ఈ కథలో క్రైస్తవుల పేరు కూడా ఉంది. అది ఉన్నచోటు మంచిది కాదు.

దగ్గరలో చర్చిలు కలవు

1877లో జోసెఫ్ సెలిగ్‌మన్ అనే ఆయన భార్యాబిడ్డలతో సరటోగా అనే ఊరికి వేసవి గడపడానికి వెళ్ళాడు. జర్మనీ నుండి చేతిలో ఏమీ లేకుండా వచ్చి పెద్ద బ్యాంకరు అయిన యూదుడు ఆయన. అమెరికాలో అంతర్యుద్ధం జరిగినప్పుడు ప్రభుత్వ బాండ్లు అమ్మించి దేశానికి డబ్బు సమకూర్చినవాడు. అధ్యక్షుడు గ్రాంట్‌కు స్నేహితుడు. అంతటివానికి గ్రాండ్ యూనియన్ హోటలువారు గది ఇవ్వలేదు. యూదులను చేర్చుకోవద్దని హోటలు పెత్తనం చూస్తున్న హెన్రీ హిల్టన్ ఆజ్ఞాపించాడట. పత్రికల్లో పెద్ద గొడవ అయింది. బ్రూక్లిన్‌లోని ప్లిమత్ సంఘపు కాపరి హెన్రీ వార్డ్ బీచర్ ఆ నెలలోనే ఒక ఆదివారం యూదుల పక్షాన ప్రసంగం చేశాడు. బీచర్ జీవితాన్ని గురించి వేలెత్తి చూపేవారు ఆ రోజుల్లోనూ ఉన్నారు. అది వేరే సంగతి. ఆ ఆదివారం మాత్రం ఆయన మాట్లాడవలసిన మాట మాట్లాడాడు.

అయితే ఒక ప్రసంగంతో తలుపులు తెరచుకోలేదు. ఒక పెద్ద హోటలు చేసిన పనిని చిన్న హోటళ్ళు నేర్చుకున్నాయి. యూదులకు ప్రవేశం లేదని పత్రికల్లో బాహాటంగా ప్రకటనలు వేసేవారు. 1913లో న్యూయార్కు రాష్ట్రం అటువంటి ప్రకటనలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం వచ్చాక మనుష్యులు మారలేదు, మాటలు మారాయి. హోటలు ప్రకటనలో గదుల సంగతి, భోజనం సంగతి రాసి చివర "దగ్గరలో చర్చిలు కలవు" అని ఒక ముక్క చేర్చేవారు. చదివే యూదునికి దాని అర్థం తెలుసు, నీవు రావద్దు అని.

నేను కాపరిని. ఎన్నో ఊళ్ళలో చర్చి కట్టడానికి పునాదిరాయి ప్రార్థనలో నిలబడినవాణ్ణి. చర్చి అనే మాటను ఒకరిని గుమ్మం దగ్గర ఆపడానికి వాడారని మొదట చదివినప్పుడు పుస్తకం మూసి కొంతసేపు ఊరికే కూర్చున్నాను. ఎక్కడికి రావచ్చు, ఎక్కడికి రాకూడదు అని పైవారు తేల్చే మాటలు ఎలా తగులుతాయో మన సంఘాలలో చాలామందికి నేను వివరించనక్కర లేదు.

రాతి నేలలో పండిన పంట

సెలిగ్‌మన్‌కు డబ్బుంది, ఇంకొక చోటికి పోగలడు. ఆయన వెనుక వచ్చినవారి సంగతి వేరు. 1881లో రష్యా చక్రవర్తి హత్య తరువాత అక్కడ యూదులమీద దాడులు మొదలయ్యాయి. అప్పటినుండి 1924లో అమెరికా వలసలను బిగించేవరకు తూర్పు ఐరోపా నుండి ఇరవై లక్షలకు పైగా యూదులు అమెరికా చేరారు. వారిలో ఎక్కువమంది న్యూయార్కులో దిగి అక్కడే ఉండిపోయారు. ఈస్ట్ సైడ్ అనే పేటలో అయిదారు అంతస్తుల ఇరుకు ఇండ్లు, గాలి వెలుతురు రాని గదులు. కుటుంబంతోపాటు అద్దెకున్నవారు కూడా అదే గదిలో పడుకునేవారు. పగలు బట్టలు కుట్టే కార్ఖానాల్లో పని, ఇస్త్రీ ఆవిరి, దూది దుమ్ము. వేసవి రాత్రుల్లో ఉక్కకు తట్టుకోలేక ఇంటి కప్పులమీద పడుకునేవారు. క్షయరోగం ఆ పేటను వదలలేదు. ఆ మీద పిల్లలకు పోలియో భయం. 1916 వేసవిలో ఒక్క న్యూయార్కు నగరంలోనే రెండు వేలకు మించి ప్రాణాలు దానివల్ల పోయాయి. ఏ తల్లికైనా పిల్లలను తీసుకొని ఎటైనా పోవాలనిపించదా?

క్యాట్‌స్కిల్ కొండల్లో అప్పటికే హోటళ్ళుండేవి. అయితే 1896లో లిబర్టీ అనే ఊరి దగ్గర క్షయరోగుల కోసం లూమిస్ శానటోరియం తెరిచారు. రోగులు రావడంతో పాత అతిథులు భయపడి మెల్లగా వెళ్ళిపోసాగారు. భూముల ధర పడిపోయింది. అదే కాలంలో వ్యవసాయం చేసుకుందామని కొన్ని యూదు కుటుంబాలు పట్నం విడిచి ఆ కొండలకు వచ్చాయి. 1900లో ఏర్పడిన యూదుల వ్యవసాయ సంఘమొకటి ఇలాంటివారికి అప్పులిచ్చి ఆదుకునేది. వారి దేశాల్లో చాలాచోట్ల యూదులకు భూమి కొనే హక్కే లేదు. ఇక్కడ కొన్నారు, తీరా చూస్తే నేలంతా రాళ్ళు. కోళ్ళు, పాడి ఆవులతో ఎలాగో నెట్టుకొచ్చారు. అయినా చాలలేదు. అప్పుడు పట్నంలోని బంధువులకు, బంధువుల బంధువులకు ఒక గది ఖాళీచేసి వేసవిలో భోజనం పెట్టి అద్దె తీసుకోవడం మొదలుపెట్టారు. పంట పండని నేల చివరకు అతిథులను పండించింది.

గ్రాసింగర్ కుటుంబం సంగతి చెబితే మిగిలినవారిది చెప్పినట్టే. సెలిగ్ గ్రాసింగర్, ఆయన భార్య మాల్కే ఆస్ట్రియా రాజ్యంలోని గలీషియా ప్రాంతం నుండి వచ్చారు. కూతురు జెన్నీ 1892లో అక్కడే పుట్టింది. ఆ అమ్మాయి పదమూడేళ్ళకే బడి మాని బొత్తాల కాజాలు కుట్టే పనికి వెళ్ళింది. తండ్రి ఆరోగ్యం పాడైంది. పట్నం వదలండి అన్నారు. 1914లో లిబర్టీకి దగ్గరగా ఫెర్న్‌డేల్ అనే చోట శిథిలమైన ఇల్లున్న ఒక పొలం కొన్నారు. కరెంటు లేదు, ఇంట్లో కుళాయి లేదు. ఆ వేసవిలో తొమ్మిదిమంది అతిథులు వచ్చారు. వారానికి మనిషికి తొమ్మిది డాలర్లు. ఆ సీజనంతా చేతికొచ్చింది 81 డాలర్లు. తల్లి వంట చేసింది, జెన్నీ గదులు ఊడ్చి పడకలు సర్దింది, పట్నంలో పనిచేస్తున్న జెన్నీ భర్త హ్యారీ అక్కడినుండి మనుష్యులను పంపేవాడు.

1919లో ఆ పొలం అమ్మి పెద్ద ఇల్లు, సరస్సు ఉన్న స్థలం కొన్నారు. తరువాత అది ఎదిగిన తీరు నమ్మశక్యం కాదు. 1,200 ఎకరాలు, 35 భవనాలు, సొంత పోస్టాఫీసు, చిన్న విమానాలు దిగే మైదానం. మంచు కురవకపోతే యంత్రంతో మంచు చేసి కొండమీద పరిచారు, అది 1952లో. సంవత్సరానికి లక్షన్నరమంది అతిథులు వచ్చేవారు. అప్పటికి జెన్నీ దేశమంతటికీ తెలిసిన యజమానురాలు. 1947లో బేస్‌బాల్ పెద్ద జట్లలోకి మొదటిసారి అడుగుపెట్టిన నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌ను చాలా హోటళ్ళు గుమ్మం ఎక్కనివ్వని రోజుల్లో గ్రాసింగర్‌వారు కుటుంబంతో సహా అతిథిగా చేర్చుకున్నారు. 1972లో జెన్నీ చనిపోయింది.

రెండు వంటగదులు

ఈ హోటళ్ళకు పత్రికలవారు పెట్టిన పేరులోనే వంటకం ఉంది. బోర్ష్ట్ అనేది బీట్‌రూటు దుంపతో చేసే పులుసు, పైన పుల్లని మీగడ వేసుకుంటారు. తూర్పు ఐరోపా యూదుల ఇండ్లలో అది నిత్యం ఉండేది. అందుకే ఈ ప్రాంతాన్ని బోర్ష్ట్ బెల్ట్ అన్నారు, కొంచెం ఎగతాళిగానే.

లేవీయకాండము 11వ అధ్యాయం చదివినప్పుడు మనం త్వరగా దాటిపోతాం. ఏ జంతువు పవిత్రము, ఏది అపవిత్రము అని ఒక పెద్ద జాబితా. అక్కడ ఆ జాబితా ప్రకారం వేలమందికి వంట నడిచింది. పంది మాంసము లేదు, రొయ్యలు పీతలు లేవు. నిర్గమకాండము 23:19 లోని ఆజ్ఞనుబట్టి మాంసమును పాలను కలపరు గనుక నియమంగా నడిచే హోటలులో మాంసానికి ఒక వంటగది, పాల పదార్థాలకు ఇంకొక వంటగది ఉండేవి. పళ్ళాలు, గిన్నెలు, చెంచాలు కూడా వేరు. పస్కా వచ్చినప్పుడు పులిసినదేదీ ఇంట ఉండకూడదు గనుక మళ్ళీ వేరే పాత్రలు. కాంకార్డ్ హోటలులో 1,200కు పైగా గదులుండేవి. అంత జనానికి ఇదంతా తప్పకుండా జరిపించడం మాటలు కాదు. ఉద్యోగాన్నిబట్టి ఊళ్ళు తిరిగి, ఏ ఇంట ఏమి పెడతారో, తినవచ్చునో తినకూడదో అని భయపడిన మనుష్యుడు ఇక్కడ బల్లముందు నిశ్చింతగా కూర్చున్నాడు. అక్కడి విశ్రాంతిలో ఇది సగం.

తిండి మాత్రం మితం తప్పింది. ఏమి కావాలన్నా, ఎన్నిసార్లు అడిగినా పెట్టేవారు. ఈ విషయంలో వారిని మెచ్చుకోలేను. కాని ఆ బల్లల దగ్గర కూర్చున్నవారెవరో కూడా చూడాలి. పెద్దవారిలో చాలామంది ఆకలితో ఓడ ఎక్కి వచ్చినవారు. 1945 తరువాత హిట్లరు శిబిరాల్లో బ్రతికి బయటపడినవారు కూడా ఆ కొండలకు వచ్చారు. పిల్లవాడు పళ్ళెంలో రొట్టె వదిలేస్తే ఆ తల్లికి ఎందుకంత కోపం వస్తుందో పక్కబల్లవారికి చెప్పనక్కర లేకపోయింది.

పెద్ద హోటలుకు వెళ్ళలేని కుట్టుపనివారు, చిన్న దుకాణదారులు కోఖలేన్ అనే ఇండ్లకు వెళ్ళేవారు. ఎవరి వంట వారే అని దాని అర్థం, యిద్దిషు భాషలో. ఇంటికొక గది, అందరికీ కలిపి ఒక వంటగది. ఒకే వంటగదిలో నలుగురైదుగురు తల్లులు తమ తమ పొయ్యిల దగ్గర నిలబడితే ఏమవుతుందో మన అక్కచెల్లెళ్ళు ఊహించగలరు. ఎవరి గిన్నె ఎవరు తీశారు, ఎవరి పాలు ఎవరు పొంగబెట్టారు! తరువాతి కాలంలో బంగళా కాలనీలు వచ్చాయి. గడ్డిమైదానం చుట్టూ చిన్న చిన్న చెక్క ఇండ్లు. జూన్ చివర తల్లులు పిల్లలను, పక్కబట్టలను, వంటపాత్రలను వేసుకొని వస్తే సెప్టెంబరు మొదటివరకు అక్కడే.

తండ్రులు మాత్రం పట్నంలో పని మానలేరు. వారమంతా ఆ వేడిలో పనిచేసి శుక్రవారం బయలుదేరేవారు. మొదట్లో ఒంటారియో అండ్ వెస్టర్న్ అనే రైలులో, తరువాత కారులో. విశ్రాంతిదినము శుక్రవారం సూర్యాస్తమయంతో ఆరంభమవుతుంది గదా, నియమం పాటించేవారు ఆలోగా చేరాలి. పిల్లలు స్నానాలు చేసి శుభ్రమైన బట్టలతో దారి చూస్తూ ఉండేవారు. తండ్రి వచ్చాడు, దీపాలు వెలిగాయి, రొట్టె ముందు ఆశీర్వాదం పలికారు. ఆదివారం సాయంత్రం ఆయన మళ్ళీ పట్నానికి. ఒక కుటుంబానికి ఇది సుఖమైన ఏర్పాటేనా అంటే కాదంటాను. వారమంతా తండ్రి లేని ఇల్లు ఏ విధంగా ఉంటుందో గల్ఫుకు పంపిన ఇండ్లవారికి తెలుసు. అయినా వారానికి ఒక్కరోజైనా ఆయన చేతులు ఊరకుండేవి.

హోటళ్ళలో నవ్వించడానికి ఒక మనిషిని పెట్టుకునేవారు. తుమ్లర్ అంటారు, అల్లరి చేసేవాడని. వాన కురిసి అతిథులు విసుగుతో గది ఖాళీ చేస్తామంటే వారిని నిలపడం అతని పని. బట్టలతో సహా ఈతకొలనులో దూకడం కూడా అందులో భాగమే. డానీ కే, సిడ్ సీజర్, మెల్ బ్రూక్స్, జెర్రీ లూయిస్ అంటూ అమెరికా సినిమాల్లో, టెలివిజన్‌లో పేరుపొందిన హాస్యనటులు చాలామంది ఈ కొండల్లోనే పని నేర్చుకున్నారు. వారి హాస్యంలో కొంత మన పత్రికలో చెప్పదగినది కాదు. కాని దుఃఖపడిన ప్రజ తన్ను తాను చూసుకొని నవ్వడంలో ఒక బలముంది. వడ్డించే కుర్రవారిలో కాలేజీ విద్యార్థులు ఎక్కువ. వేసవి బహుమానపు చిల్లర పోగుచేసి వైద్యం, న్యాయశాస్త్రం ఫీజులు కట్టుకున్నారు.

ఆ కుర్రవారే ఈ హోటళ్ళ పతనానికి మొదలు అని చెప్పవచ్చు. తప్పు చేసి కాదు, చదువుకొని.

తలుపులు తెరచుకున్నాక

డాక్టర్లు, లాయర్లు అయినవారు ఇరుకు పేటలు వదిలి నగరం వెలుపల తోటలున్న ఇండ్లు కొన్నారు. ఆ ఇంటికి ఏసీ పెట్టించారు. ఉక్క పోయింది. 1955లో పోలియో టీకా వచ్చింది, ఆ భయమూ పోయింది. ఆడవారు ఉద్యోగాల్లో చేరాక రెండు నెలలు కొండమీద ఉండడానికి ఎవరికి తీరిక? విమానం టిక్కెట్లు అందుబాటులోకి వచ్చాయి, ఫ్లోరిడా వెళ్ళారు, ఐరోపా చూశారు, ఇశ్రాయేలు దేశం చూశారు. 1957లో ఒంటారియో అండ్ వెస్టర్న్ రైలు పూర్తిగా ఆగిపోయింది. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చి జాతినిబట్టి, మతాన్నిబట్టి హోటలులో గది నిరాకరించడాన్ని దేశమంతటా నిషేధించింది. సెలిగ్‌మన్‌ను పంపివేసినటువంటి హోటళ్ళు ఇప్పుడు అతని మనుమల వయసువారిని రండి రండి అన్నాయి. వారు వెళ్ళారు. వెళ్ళరా మరి? అమ్మానాన్నల హోటలు వారికి పాతబడినట్టు, అందరూ బంధువులే అయిన పెళ్ళిపందిరిలా ఉక్కిరిబిక్కిరిగా కనబడింది.

యజమానులు ఊరికే కూర్చోలేదు. లోపలే ఈతకొలను, గోల్ఫు మైదానం, ఇంకా పెద్ద భోజనశాల అంటూ ఒకరిని చూసి ఒకరు కట్టారు. అప్పులు పెరిగాయి, అతిథులు పెరగలేదు. ముందు చిన్నవి పోయాయి. 1985లో గ్రాసింగర్ కుటుంబం హోటలును అమ్మేసింది, 1986లో మూతబడింది. కాంకార్డ్ 1998లో, నెవెలె 2009లో, కుట్షర్ 2013లో. బ్రౌన్ హోటలును అప్పటికే నివాసాలుగా మార్చారు, 2012లో మంటల్లో కాలిపోయింది. లిబర్టీ, మాంటిచెల్లో వీధుల్లో దుకాణాలు మూతబడ్డాయి. పళ్ళాలు కడిగినవారు, పక్కలు సర్దినవారు, పొయ్యి దగ్గర నిలబడినవారు పని పోగొట్టుకున్నారు. హోటళ్ళ గురించి రాసేవారు నటుల పేర్లు రాస్తారు గాని వీరి సంగతి ఒక్క పంక్తిలో ముగిస్తారు. నేనూ అదే చేశాను.

గ్రాసింగర్ భవనాలు ముప్పై ఏళ్ళకు పైగా పాడుబడి ఉన్నాయి. ఈతకొలను గదిలో పలకల మధ్య నాచు, ఫెర్న్ మొక్కలు మొలిచాయి. ఆ చిత్రాలు నేను చూశాను. 2018లో కూల్చివేత మొదలైంది. మిగిలిన ఒక భవనం 2022 ఆగస్టులో తగలబడింది. కాంకార్డ్ ఉన్న స్థలంలో 2018లో పెద్ద జూదశాల తెరిచారు, దాన్ని గురించి నా అభిప్రాయం చదువరులకు తెలిసిందే. కుట్షర్ స్థలాన్ని కొన్నది మన దేశపు వ్యాపారి సుభాష్ చంద్రకు చెందిన సంస్థ. పాత కట్టడాలు తీసివేసి అక్కడ ప్రకృతి చికిత్స, ఆయుర్వేదము, యోగా ఇచ్చే కేంద్రం కట్టి 2018లో ప్రారంభించారు. గాలి మంచిదని ఒకప్పుడు క్షయరోగులు చేరిన కొండలకు మళ్ళీ ఆరోగ్యం కోసమే మనుష్యులు వచ్చారు. 2023లో ఎల్లెన్‌విల్ ఊరిలో పాత బ్యాంకు భవనంలో ఈ హోటళ్ళ జ్ఞాపకార్థం ఒక ప్రదర్శనశాల పెట్టారు. హోటళ్ళున్న ఊళ్ళలో గుర్తుపలకలు నాటడం కూడా అదే ఏడు మొదలుపెట్టారు.

అయితే యూదులు ఆ కొండలను విడిచిపెట్టారని మాత్రం అనుకోవద్దు. ధర్మశాస్త్రాన్ని అక్షరాలా పాటించే హసీదు కుటుంబాలు, మరి కొందరు నిష్ఠాపరులు ఇప్పటికీ ప్రతి వేసవి బ్రూక్లిన్ నుండి వస్తారు. పాత బంగళా కాలనీలు చాలావాటిలో ఉన్నది వారే. పిల్లల శిబిరాలు నడుపుతారు, ప్రార్థనామందిరాలు నడుపుతారు. వేసవిలో సల్లివాన్ జిల్లా జనాభా బాగా పెరుగుతుంది. నేను చాలాసార్లు ఆలోచించిన సంగతి ఇది. బయటివారు తలుపు మూసినందువల్ల వచ్చినవారు తలుపు తెరవగానే వెళ్ళిపోయారు. అది సహజమే, వారిని తప్పుపట్టను. తమ ఆజ్ఞలనుబట్టి వచ్చినవారికి బయటి తలుపు మూసి ఉన్నా తెరచి ఉన్నా ఒక్కటే.

జూలై నెలలో శుక్రవారం మధ్యాహ్నం 17వ నంబరు రహదారిమీద నేటికీ కార్లు బారులు తీరుతాయి. నల్లకోటు తొడుక్కున్న తండ్రులు వారం పని ముగించి, పొద్దు గుంకకముందే చేరాలని కొండవైపు వస్తూ ఉంటారు.